ఇల్లు–వాకిలి: ఉప్పుగాలికి ఏ కంచె ఆగుతుంది?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సముద్రం పక్క ఊళ్లవే ఎక్కువ. అందరిదీ ఒకటే బాధ: కంచె వేసిన రెండు మూడేళ్లకే తినేస్తోందని. అందుకే ఈ వారం శీర్షిక మొత్తం దానికే.

ప్రశ్న: మాది భీమునిపట్నం. ఇల్లు బీచ్‌కి మూడు వందల మీటర్లు ఉంటుందేమో. ఐదేళ్ల కిందట మూడు వైపులా జీఐ జాలీ, వీధి వైపు ఇనుప గ్రిల్ పెట్టించాం. జాలీ రెండో ఏడాదికే ఎర్రబడింది, ఇప్పుడు చేత్తో వంచితే పుటుక్కున తెగిపోతోంది. గ్రిల్‌కి ఏటా రంగు వేయిస్తూనే ఉన్నాం, అయినా పొరలు లేస్తున్నాయి. వెల్డింగ్ షాపాయనేమో మొత్తం స్టెయిన్‌లెస్ స్టీల్ చేయించేయండమ్మా, ఇక జీవితాంతం చూసుకోనక్కర్లేదు అంటున్నాడు. ఆయన చెప్పిన రేటు వింటేనే టెన్షన్ వస్తోంది. నిజంగా దానికి తుప్పు పట్టదా? తక్కువలో వేరే దారి ఉందా?

జవాబు: అమ్మా, అడ్వాన్సు ఇవ్వకముందే రాశారు, చాలా మంచిపని చేశారు. రేపు పొద్దున్నే మీ గ్రిల్ దగ్గరికి వెళ్లి అడ్డకమ్మీ పైభాగం మీద వేలితో ఒకసారి రుద్దండి, తర్వాత అదే కమ్మీ అడుగున రుద్దండి. పైన కాస్త దుమ్ము అంటుతుంది. అడుగున మాత్రం జిగటగా, తడిగా ఉండి వేలికి ఎర్రగా అంటుకుంటుంది. కాకినాడలో మా ఇంటి గ్రిల్‌కి నేను ఈ తేడా మొదటిసారి గమనించినప్పుడు చాలా ఆశ్చర్యపోయాను, ఎందుకంటే వాన పడే చోటే తుప్పు ఎక్కువ ఉంటుందని అప్పటిదాకా అనుకునేవాణ్ణి. జరిగేది దానికి తారుమారు. అలలు విరిగినప్పుడు లేచే తుంపర గాలిలో కలిసి వచ్చి ఇనుము మీద ఉప్పు పొరలా పేరుకుంటుంది, ఆ ఉప్పు గాలిలోని తేమను లాక్కుని రాత్రంతా ఆ చోటును తడిగానే ఉంచుతుంది. పైభాగాన్ని వాన కడిగేస్తుంది. అడుగుభాగాన్ని, అతుకుల సందుల్ని, గేటు బందుల వెనకవైపుని ఎవరూ కడగరు. అందుకే కంచె ఎక్కడ పోతుందో చూడండి, ఎప్పుడూ మూలల్లోనే, అతుకుల దగ్గరే, నేలలో దిగిన చోటే పోతుంది.

ఇప్పుడు మీ జాలీ సంగతి. జీఐ అని చెప్పి అమ్మేదంతా ఒకటి కాదు. ఇనుప తీగ మీద జింకు పూత ఉంటుంది, ఆ పూత ఉన్నంతకాలమే లోపలి తీగకు రక్షణ. తీగ అమ్మేవాళ్లు దాన్ని జీఎస్ఎమ్ లెక్కలో చెబుతారు, అంటే ఒక చదరపు మీటరుకి ఎన్ని గ్రాముల జింకు అని. సుమారు 7 గ్రాములంటే ఒక మైక్రాన్ మందం. సముద్రం ఒడ్డున జింకు ఏడాదికి 4 నుంచి 8 మైక్రాన్ల దాకా అరిగిపోగలదు. ఇక మీరే లెక్క వేసుకోండి. 40 జీఎస్ఎమ్ తీగ మీద ఉండేది ఆరు మైక్రాన్లు కూడా కాదు, అది ఒకటి రెండు ఏళ్లు ఆగితే గొప్ప. అదే 270 జీఎస్ఎమ్ అయితే 38 మైక్రాన్ల దాకా ఉంటుంది, అంటే ఐదారేళ్లు, గాలి నేరుగా తగలని చోటయితే ఇంకా ఎక్కువ. మీ జాలీ రెండో ఏడాదికే ఎర్రబడిందంటే మీకు అంటగట్టింది పల్చటి పూత తీగే అయివుంటుంది. షాపులో రెండూ మెరుస్తూనే ఉంటాయి, కంటికి తేడా తెలియదు, అందుకే జీఎస్ఎమ్ ఎంతో బిల్లు మీద రాయమని అడగండి. రాయనంటే ఇంకో షాపుకి వెళ్లండి.

స్తంభాలకి, గేటు ఫ్రేములకి అయితే హాట్ డిప్ చేయించాలి, అంటే కోయడాలు, వెల్డింగులు, రంధ్రాలు అన్నీ పూర్తయ్యాక మొత్తం ఫ్రేముని కరిగిన జింకులో ముంచి తీయడం. 5 మిల్లీమీటర్ల మందమూ ఆపైనా ఉన్న ఇనుముకి ఇలా చేస్తే సుమారు 85 మైక్రాన్ల పూత వస్తుంది. చూడ్డానికి బూడిదరంగులో, ఒక్కోచోట కారి గడ్డకట్టినట్టు ముతగ్గా ఉంటుంది. అద్దంలా నున్నగా తళతళలాడుతూ ఉంటే అది కరెంటుతో ఎక్కించిన పల్చటి పూత, దాన్ని నమ్ముకోకండి. ఇంకో మాట, ముంచి తెచ్చిన ఫ్రేముని ఇంటి దగ్గర మళ్లీ వెల్డింగ్ చేస్తే ఆ చోట జింకు కాలిపోతుంది, తుప్పు అక్కడి నుంచే మొదలవుతుంది. కాబట్టి కొలతలు ముందే సరిగ్గా తీసుకుని, బిగింపంతా బోల్టులతోనే అయ్యేలా చేయించుకోండి.

స్టెయిన్‌లెస్ స్టీల్‌కి తుప్పు పట్టదు అన్నది సముద్రం పక్కన సగం నిజమే. మన షాపుల్లో మూడు రకాలు తిరుగుతాయి: 202, 304, 316. 202 అన్నిటికంటే చవక, సముద్రం ఊళ్లో అది పూర్తిగా వృథా. 304 కూడా మీ దూరంలో కొన్ని నెలలకే టీ మరకల్లాంటి గోధుమరంగు మచ్చలు వేస్తుంది. బలం వెంటనే పోదు గానీ, అంత డబ్బు పోసింది మచ్చలు చూడ్డానికి కాదు కదా. 316లో 2 నుంచి 3 శాతం మాలిబ్డినమ్ అనే లోహం ఉంటుంది, ఉప్పును తట్టుకునేది దాని వల్లే. అయస్కాంతం పెట్టి చూస్తే ఈ మూడింటి తేడా తెలియదు. మాలిబ్డినమ్ ఉందో లేదో చెప్పే చుక్కల మందు దొరుకుతుంది, మీ ఎదురుగా పైపు మీద ఒక చుక్క వేసి చూపించమనండి. అసలు 316 అయినా పని చేసే తీరు ముఖ్యం. మామూలు ఇనుము కోసిన బల్ల మీదే, అదే గ్రైండింగ్ చక్రంతో దీన్నీ కోస్తే ఇనుప రవ్వలు దీని ఒంట్లో దిగుతాయి, నెల తిరక్కుండానే ఎర్ర చుక్కలు లేస్తాయి. చాలామంది స్టీలు మోసం చేసిందని తిట్టుకుంటారు, తప్పు బల్లది.

మీ ఇంటికి నేనైతే ఇలా చేయిస్తాను. మూడు వైపులా రాతి స్తంభాలు పాతించి, వాటికి 4 మిల్లీమీటర్ల మందపు తీగతో, జింకు బాగా ఉండి పైన పీవీసీ తొడుగు ఉన్న జాలీ బిగిస్తాను. నల్లరాతి స్తంభానికి తుప్పు భయమే లేదు. జాలీ పోతే పదేళ్లకోసారి జాలీ ఒక్కటే మార్చుకోవచ్చు, స్తంభాలు మీ మనవళ్ల కాలం దాకా ఉంటాయి. తీగ కోసిన ప్రతి చివరా తొడుగు తెరుచుకుని నీళ్లు లోపలికి పాకుతాయి, కాబట్టి ఆ చివర్లకి అదే రోజు జింకు పెయింట్ పూయించండి. రాయికి జాలీ కట్టే తీగ కూడా అదే రకం ఉండాలి. జాలీ మంచిది కొని పది రూపాయల బైండింగ్ వైరుతో కట్టేస్తారు, అది తెగి జాలీ మొత్తం ఒరిగిపోతుంది. వీధి వైపు అందం కావాలంటే పౌడర్ కోటింగ్ ఉన్న అల్యూమినియం గ్రిల్ పెట్టించుకోండి, 316 కంటే నాకు అదే నచ్చుతుంది. దాన్ని పచ్చి సిమెంట్‌లో నేరుగా దించకూడదు, సిమెంట్ ఘాటు అల్యూమినియాన్ని తినేస్తుంది. మామూలు ఇనుప స్క్రూలూ వాడకూడదు. 316 స్క్రూలు వేసి కింద నైలాన్ వాషర్లు పెట్టించండి.

ఏది పెట్టినా పదిహేను రోజులకోసారి మంచినీళ్ల పైపుతో కడగండి, ముఖ్యంగా అడుగువైపు, గేటు బందుల వెనక. ఎండాకాలంలో వానలు లేక ఉప్పు పేరుకుపోతుంది, అప్పుడు వారానికోసారి కడిగితే మంచిది. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే వాటితో వద్దు.

ప్రశ్న: కాకినాడ దగ్గర మా స్థలానికి ఆరేళ్ల కిందట రెడీమేడ్ సిమెంట్ పలకల ప్రహరీ పెట్టించాం. స్తంభాలు నిలువునా పగిలి పెచ్చులు ఊడుతున్నాయి, లోపలి చువ్వలు కనపడుతున్నాయి. మేస్త్రీ పైన సిమెంట్ పూత వేస్తే సరిపోతుంది అంటున్నాడు. సరిపోతుందా?

జవాబు: సరిపోదు. కాంక్రీటులో ఉన్న సన్నటి రంధ్రాల్లోంచి ఉప్పు మెల్లగా లోపలికి దిగి చువ్వను చేరుతుంది. ఇనుము తుప్పుగా మారితే దాని పరిమాణం రెండు నుంచి ఆరు రెట్లు పెరుగుతుంది, ఆ ఉబ్బుకి కాంక్రీటు లోపలి నుంచే పగులుతుంది. పైన పూత పూస్తే ఉప్పు లోపలే ఉండిపోతుంది, పగులు మాత్రం ఏడాది పాటు కనపడదు. ఎక్కువ పగిలిన స్తంభాలు మార్చేయండి. కొద్దిగా చీలినవాటికి వదులు కాంక్రీటంతా కొట్టేసి, చువ్వను మెరిసేదాకా బ్రష్ చేసి, జింకు ప్రైమర్ వేసి, రిపేర్ మోర్టార్‌తో నింపిస్తే కొన్నేళ్లు లాక్కురావచ్చు.

ఈ పలకలు చేసేవాళ్లు స్తంభం సన్నగా పోస్తారు, చువ్వ మీద ఒక అంగుళం కాంక్రీటు కూడా ఉండదు. మన ఐఎస్ 456 ప్రమాణం సముద్రతీర వాతావరణానికి ఎం30 కాంక్రీటు (ఎం పక్కన అంకె పెరిగేకొద్దీ బలం ఎక్కువ), చువ్వ మీద 45 మిల్లీమీటర్ల కవరు, అంటే అంత మందం కాంక్రీటు, ఉండాలంటుంది. అలల తుంపర నేరుగా పడే చోటయితే ఎం35, 50 మిల్లీమీటర్లు. కొత్త స్తంభాలు కొనేటప్పుడు ఒక విరిగిన ముక్క చూపించమని అడిగి టేపు పెట్టి కొలవండి, ఎవరేమనుకున్నా సరే. సముద్రపు ఇసుక, ఉప్పు నీళ్లు వాడటం లేదని కూడా నిర్ధారించుకోండి. మీరే పోయించుకుంటే స్లాగ్ సిమెంట్ (ఉక్కు కొలిమి చిట్టెం పొడి కలిపిన సిమెంట్) వాడండి, ఉప్పు లోపలికి దిగడం అందులో బాగా నెమ్మది.

గాలి సంగతి కూడా మరిచిపోవద్దు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖను ఎలా ఊడ్చేసిందో మన జిల్లాల వాళ్లకి చెప్పక్కర్లేదు. సందులేని గోడ గాలి దెబ్బనంతా తనమీదే వేసుకుంటుంది, సందులున్న కంచెలోంచి గాలి కొంత దాటిపోతుంది. అందుకే నిండుగోడ నడుమెత్తు వరకే పెట్టి ఆపైన జాలీ వేసుకోమంటాను. చాటు కావాలని జాలీకి రేకులు కట్టేస్తుంటారు, తుపాను రోజు ఆ రేకు స్తంభాన్ని వేళ్లతో సహా పీకుతుంది, దయచేసి ఆ పని చేయకండి.

ప్రశ్న: మాది చీరాల వైపు. సముద్రానికి దగ్గరలో చిన్న తోట ఉంది. మా తాతగారి కాలంలో తాటాకు దడి ఉండేది. ఇనుము, సిమెంటు లేకుండా కంచె వేసుకోవడం ఇప్పుడు కుదురుతుందా? మేకలు రాకుండా ఉంటే చాలు.

జవాబు: మీ ఉత్తరం చదివి చాలా సంతోషమేసింది. తప్పకుండా కుదురుతుంది, కాకపోతే రెండు మూడేళ్లు ఓపిక పట్టాలి. సముద్రం వైపు సరుగుడు వరస వేయండి. ఇసుకలోనూ ఉప్పుగాలిలోనూ అది బతుకుతుంది, వెనకున్న మొక్కలకి గాలి కాపు. దాని లోపల మొగలి పెట్టండి. ఆకు అంచులకు ముళ్లుంటాయి కాబట్టి మేక దాంట్లో దూరదు. అయితే మొగలి పక్కలకి పాకుతుంది, రెండు మూడు మీటర్ల వెడల్పు దానికి వదిలేయాలి. అంత జాగా లేనిచోట గచ్చపొద పెంచి ఏటా కత్తిరించుకోండి. ఇవి ఎదిగేదాకా సరుగుడు కర్రలు పాతి తాటాకు దడే కట్టుకోండి. కర్ర పైన బాగానే ఉండి, నేల మట్టం దగ్గర చెదలు పట్టి కుళ్లుతుంది. పాతే ముందు అడుగున్నర మేర బాగా ఎండబెట్టి తారు పూయండి, నేల మీద జానెడు ఎత్తు వరకు కూడా రానివ్వండి. పోటు సమయంలో నీళ్లు వచ్చే గీత నుంచి 500 మీటర్ల లోపు అయితే సీఆర్‌జెడ్, అంటే తీరం వెంట కట్టడాలను నియంత్రించే నిబంధనలు ఉంటాయి, పక్కా గోడ కట్టాలనుకుంటే ముందు పంచాయతీలో కనుక్కోండి.

ప్రశ్న: పాత ఇనుప గేటు మార్చే స్తోమత ఇప్పుడు లేదు. రంగు ఎలా వేస్తే నిలుస్తుంది? మచిలీపట్నం.

జవాబు: గేటుకి వేసే రంగు కంటే ముందు చేసే కడుగుడు ముఖ్యం. పెయింటర్లు తుప్పు గీకేసి వెంటనే రెడ్ ఆక్సైడ్ కొట్టేస్తారు, ఉప్పు మాత్రం ఇనుము గుంటల్లో అలాగే ఉంటుంది, ఆరు నెలల్లో బొబ్బలు లేస్తాయి. గీకండి, మంచినీళ్లతో రెండుసార్లు బ్రష్ పెట్టి కడగండి, ఎండలో పూర్తిగా ఆరనివ్వండి, అదే రోజు మధ్యాహ్నం లోపు ప్రైమర్ పడాలి. రాత్రి వదిలేస్తే తెల్లారేసరికి మళ్లీ ఉప్పు కూర్చుంటుంది. ఎపాక్సీ జింకు ప్రైమర్ ఒక కోటు, ఎపాక్సీ ఇంకో కోటు, పైన పీయూ (పాలీయురేథేన్) రంగు వేయించండి. పైపు గేటయితే చివర్లకి మూతలు వేయించి అడుగున చిన్న రంధ్రం పెట్టించండి, లోపల చేరిన నీళ్లు దిగిపోతాయి. బందులకి నెలకోసారి గ్రీజు పెట్టండి.