పిల్లకాయలతో మైపాడులో గాలం వేయొచ్చా? వేయొచ్చు, కానీ మీలో ఒకరు గాలం ముట్టుకోకూడదు

నెల్లూరులో ఉంటాం, ఎనిమిదేళ్లలోపు పిల్లలిద్దరు, మైపాడులోనో కోడూరులోనో ఒడ్డు మీద నిలబడి గాలం వేయించాలని ఉంది, ఏ రాడ్ కొనాలి, పిల్లలకి ప్రమాదమేమన్నా ఉందా అని అడిగారు. రాడ్ సంగతి తర్వాత చెప్తాను. ముందు ఇది వినండి. మీతో వచ్చే పెద్దవాళ్లలో ఒకరు ఆ పూటంతా గాలం ముట్టుకోకూడదు, ఫోన్ తీయకూడదు, పులిహోర డబ్బా మూత కూడా విప్పకూడదు. పిల్లల మీద కన్ను వేసి ఉంచడం ఒక్కటే వాళ్ల పని. అట్లా నిలబడే మనిషి మీ ఇంట్లో లేకపోతే సముద్రానికి పోవద్దు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నేను పుట్టింది ఇందుకూరుపేట పక్కన. మా నాన్న పొలం కాలవల్లో గాలం వేసేవాడు, ఆరేళ్లకే నాకు ఎర గుచ్చడం వచ్చు. మా ఆయనది ఒంగోలు. కొత్తపట్నం సముద్రం ఊరికి ఇరవై కిలోమీటర్లు కూడా లేదు గానీ ఆయన ఏనాడూ గాలం పట్టలేదు. అందుకని మా ఇంట్లో గాలం నాది, సామాన్లు మోసే పని ఆయనది, పిల్లల్ని చూసే పని మాత్రం "అందరం ఉన్నాం గదా" అని ఎవరికీ అప్పజెప్పలేదు. అదే మా తప్పు.

మూడేళ్ల కిందట, ఫిబ్రవరిలో ఒక ఆదివారం. మేం నలుగురం, మా ఆడబిడ్డ, ఆమె కొడుకు. వాడికప్పుడు పదకొండు, మా పాపకి ఎనిమిది, బాబుకి ఇంకా ఐదు నిండలేదు. ఆరున్నరకల్లా మైపాడు ఒడ్డున ఉన్నాం. గాలి లేదు, అలలు చిన్నవి, పచ్చి రొయ్యలు పొట్టు తీసి చిటికెన వేలి గోరంత ముక్కలు చేసి పిల్లలే గుచ్చుతున్నారు. గంటసేపు ఏమీ పడలేదు. పిల్లలకి విసుగొచ్చింది, బాబు ఐస్‌బాక్స్ ఎర్ర మూత తీసుకుని ఇసుకలో గుంట తవ్వుకుంటున్నాడు. అప్పుడు మా మేనల్లుడి చేతిలో దారం టక్కున లాగింది.

వాడు లాగుతూ వెనక్కి పరిగెత్తాడు. ఇసుక మీదకొచ్చి పడింది అరచెయ్యంత చేప, పైన బూడిదరంగు, కింద తెలుపు, మూతి దగ్గర మీసాలు. జెల్ల. "ముట్టుకోవద్దు నాయనా" అని నేను అరిచేలోపే గాలం ముల్లు తీద్దామని గుప్పిట పట్టేశాడు. జెల్లకి వీపు మీద ఒక ముల్లు, రెండు పక్కల రెక్కల దగ్గర చెరొక ముల్లు ఉంటాయి. పట్టుకోగానే మూడూ నిటారుగా నిలబడి బిగుసుకుపోతాయి, అంచులు రంపం పళ్లలా ఉంటాయి, పైగా వాటికి విషం. బొటనవేలి మొదట్లో దిగింది. చుక్కంత రక్తం కూడా రాలేదు గానీ వాడు పెట్టిన కేక ఒడ్డంతా వినపడింది. రెండు నిమిషాల్లో మోచేతి దాకా పోటు, పెదాలు తెల్లబడ్డాయి.

చుట్టూ జనం మూగారు. ఒకాయన సున్నం రాయమన్నాడు, ఇంకొకాయన ఐసు పెట్టమన్నాడు, ఇద్దరు ముగ్గురు ఫోన్లు తీసి వీడియో. (ఏడుస్తున్న పిల్లాణ్ణి వీడియో తీసేవాళ్లని చూస్తే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.) అక్కడ ఎండుచేపలు ఆరబోసుకుంటున్న ఒక అవ్వ జనాన్ని తోసుకుంటూ వచ్చి, "ఐసు గీసు కాదుమ్మా, వేణ్ణీళ్లల్లో పెట్టండి, బిన్నా" అంది. టీ బంకు దగ్గరికి పరిగెత్తి మా ఆయన గిన్నెడు వేడినీళ్లు తెచ్చాడు. అవ్వ ముందు తన చెయ్యి ముంచి చూసింది, చల్లనీళ్లు కలిపింది, ఓర్చుకోగలిగినంత వేడి ఉన్నప్పుడు వాడి చెయ్యి పెట్టించింది. చల్లారేకొద్దీ మళ్లీ పోస్తూ ముక్కాలు గంట. నొప్పి మెల్లగా దిగింది. డాక్టర్లు చెప్పేదీ ఇదే, 45 డిగ్రీల దాకా వేడినీళ్లలో అరగంట నుంచి గంటన్నర. గుచ్చుకున్న చేతికి వేడి తెలియదు, అందుకే మంచిగా ఉన్న చేత్తో పెద్దవాళ్లు చూడాలి, లేకపోతే బొబ్బలెక్కుతుంది.

అయితే నేను చెప్పాలనుకున్నది జెల్ల గురించి కాదు. వేణ్ణీళ్లు వచ్చిన కాసేపటికి మా పాప నా కొంగు పట్టుకుని "అమ్మా, తమ్ముడు లేడు" అంది.

గుంట ఉంది, మూత లేదు, వాడు లేడు. ఆ క్షణం నాకు గొంతు పెగల్లేదు. నీళ్ల వైపు చూస్తే మా గాలం వేసిన చోటనే, మోకాళ్ల లోతులో, ఎర్ర మూత పట్టుకుని నిలబడి ఉన్నాడు. మూతలో నీళ్లు నింపుకుంటున్నాడు, పాపం బావ చేతి మీద పోయడానికట, తర్వాత చెప్పాడు. అల వెనక్కి పోయేటప్పుడు వాడి కాళ్ల కింద ఇసుక జారిపోవడం నాకు అంత దూరానికీ కనపడింది, ఒకసారికి చీలమండ దాకా కూరుకుపోయాడు, రెండోసారికి ఒరిగాడు. మా ఆయన చేతిలో గిన్నె అట్లాగే వదిలేసి పోయి చొక్కా పట్టుకుని లాగాడు. మూత మాత్రం లోపలికి పోయింది. నేను చూస్తూనే ఉన్నాను, అది పక్కకి కొట్టుకుపోలేదు, తిన్నగా లోపలికి, అలల అవతలికి పోయింది.

అది ఎందుకట్లా పోయిందో పిల్లల్ని తీసుకుపోయే ప్రతి ఒక్కరికీ తెలియాలి. ఒడ్డున నిలబడి చూడండి. అలలు తెల్లగా విరుగుతున్న చోట్ల మధ్యలో అక్కడక్కడా విరగని నీళ్లు కనపడతాయి, నున్నగా, కాస్త ముదురు రంగులో. ఒడ్డుకొచ్చిన నీళ్లు తిరిగి లోపలికి పోయే దారి అది. అడుగున ఇసుక కోసుకుపోయి గుంట పడి ఉంటుంది. చేప మేతకి ఆ గుంటలోకే వస్తుంది, అందుకే గాలం వేసేవాళ్లు దానికెదురుగానే నిలబడతారు. అల లేదు గదా అని పిల్లలు దిగేదీ అక్కడే. అంటే మనం మంచి చోటు అని వెతుక్కునేది పిల్లలకి ఆ ఒడ్డు మొత్తంలో చెడ్డ చోటు. కార్తీక పౌర్ణమి స్నానాలకి పోలీసులు, గజ ఈతగాళ్లు ఉంటారు. మామూలు ఆదివారం మీకు మీరే దిక్కు.

ఆ తర్వాత ఆసుపత్రిలో ఇంకో బాధ. మొదట పోయిన చోట టీటీ ఇంజెక్షన్ చేసి, కట్టుకట్టి పంపేశారు. ముల్లు కొన విరిగి లోపలే ఉందేమో చూడమని నేను రెండుసార్లు అడిగాను, వినిపించుకోలేదు. నాలుగో రోజుకి వాచి చీము పట్టింది. వేరే డాక్టరు ఎక్స్‌రే తీయించి బియ్యపుగింజలో సగం ఉన్న ముక్క బయటికి తీశారు. అందుకని జెల్ల గుచ్చుకుంటే ఎక్స్‌రే తీసేదాకా కుర్చీలోంచి లేవకండి.

ఇప్పుడు మేం పోయేటప్పుడు ఒక ఎర్ర తువ్వాలు ఉంటుంది. అది ఎవరి భుజం మీద ఉంటే వాళ్లది పిల్లల డ్యూటీ. అరగంటకోసారి మారతాం, ఇచ్చేటప్పుడు "ఇద్దరూ కనపడుతున్నారు, ఇదిగో నువ్వు" అని నోటితో చెప్పాలి, తీసుకున్నవాళ్లు "సరే" అనాలి. ఊరికే విసిరేస్తే లెక్కలోకి రాదు. ఏ గొడవ జరిగినా, ఎవరికి ఏం గుచ్చుకున్నా, తువ్వాలు ఉన్న మనిషి అటు తిరగకూడదు.

రాడ్ అంటారా, కొనొద్దు. పిల్లల రాడ్ అని రంగురంగుల సెట్లు అమ్ముతున్నారు, అవి ఆ అలలు దాటించలేవు, డబ్బులు దండగ, పైగా వెనక్కి ఊపినప్పుడు ముల్లు వెనకున్న వాళ్ల మొహానికి తగులుతుంది. చేతి గాలం చాలు. నీళ్ల సీసాకి చుట్టిన నైలాన్ దారం యాభై మీటర్లు, చివర సీసం గుండు, జానెడు పైన చిన్న ముల్లు. ముల్లు కొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే మొనని కటింగ్ ప్లేయర్‌తో నొక్కేస్తే ఎవరికన్నా గుచ్చుకున్నా తేలిగ్గా వస్తుంది. విసరడం పెద్దవాళ్లు చేయండి, దారం పిల్లల చేతికివ్వండి, వేలికి మాత్రం చుట్టుకోనివ్వకండి. పడిన చేప ఏదైనా సరే పెద్దవాళ్లే తీయాలి, అదీ తడిగుడ్డతో. చెప్పులు విప్పనివ్వకండి, ఆ ఒడ్డున పగిలిన బీరు సీసాలు చూస్తే ఏడుపొస్తుంది, తాగేవాళ్లకి పిల్లలుండరా?

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాల కాలం, అటు పోవద్దు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం మరపడవలకి, ఇంజను పడవలకి, మీ చేతి గాలానికి కాదు. అయినా ఆ ఎండలో పిల్లల్ని నిలబెట్టలేరు. ఫిబ్రవరి ఉదయం పోయి పది గంటలకి తిరిగొచ్చేయండి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీళ్లు మామూలు కంటే పైకి వస్తాయి, సామాన్లు ఎత్తులో పెట్టుకోండి.

మొన్న సంక్రాంతి తర్వాత మళ్లీ పోయాం. మా మేనల్లుడికిప్పుడు పద్నాలుగు, బొటనవేలి దగ్గర మచ్చ ఇంకా ఉంది. గాలం ఇస్తే వద్దన్నాడు. "తువ్వాలు నాకియ్యి అత్తా" అని అడిగాడు. ఇంకా పిల్లాడివే, పక్కన నిలబడు చాలు అన్నాను. రెండు గంటలసేపు వాళ్ల మామయ్య పక్కనే నిలబడి నీళ్ల వైపే చూస్తున్నాడు.