అబ్బాయి గ్రీన్ కార్డుకు అప్లై చేస్తానంటున్నాడు, మా డబ్బు సంగతేమిటి?

ప్రశ్న: నేను రిటైర్డ్ హెడ్మాస్టర్‌ని. వయసు 66, నా భార్యకు 62. గుంటూరులో సొంత ఇల్లు, తెనాలి దగ్గర రెండెకరాల మాగాణి ఉన్నాయి. పెన్షన్ నెలకు 45,000. సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్‌లో 30 లక్షలు, ఎఫ్‌డీల్లో 30 లక్షలు ఉన్నాయి. 11 లక్షలు పెట్టిన మ్యూచువల్ ఫండ్లు ఇప్పుడు 22 లక్షలయ్యాయి. అన్నీ నా పేరు మీదే. అమ్మాయి ఇక్కడే ఉంటుంది. డాలస్‌లో ఉండే మా అబ్బాయికి నిరుడు అమెరికా పౌరసత్వం వచ్చింది. మా ఇద్దరికీ గ్రీన్ కార్డు వేయిస్తానంటున్నాడు. పదేళ్ల విజిటర్ వీసా ఉంది, ఇంకా ఆరేళ్ల గడువుంది. నా భార్యకు షుగర్, బీపీ. కార్డు తీసుకుంటే ఇక్కడి ఖాతాలు మూసేయాలా? పన్ను రెండుచోట్లా కట్టాలా? కార్డు పెట్టుకుని ఏడాదికి మూడు నాలుగు నెలలు వెళ్లొస్తే సరిపోదా?

జవాబు: మాస్టారూ, ముందు మీ చివరి ప్రశ్నకే జవాబు చెబుతాను. మిగతా లెక్కలన్నీ దాని మీదే నిలబడ్డాయి. మూడు నాలుగు నెలలు వెళ్లి రావడానికి గ్రీన్ కార్డు పనికిరాదు. అది వెళ్లి రావడానికిచ్చే వీసా కాదు, అక్కడ కాపురం ఉండటానికిచ్చే హక్కు. ఒకేసారి 180 రోజులకు మించి అమెరికా బయట ఉంటే తిరిగి వెళ్లేటప్పుడు ఎయిర్‌పోర్టులో ప్రశ్నలు మొదలవుతాయి. ఏడాది దాటితే మామూలుగా ఆ కార్డుతో లోపలికి రానివ్వరు. రీ-ఎంట్రీ పర్మిట్ తీసుకుంటే రెండేళ్ల దాకా వెసులుబాటు ఉంటుంది కానీ, దానికి అమెరికాలో ఉన్నప్పుడే దరఖాస్తు చేయాలి. ఇక ఆరు నెలలకోసారి వెళ్లి నాలుగు వారాలుండి వచ్చేవాళ్ల విషయంలో కూడా ‘మీ అసలు ఇల్లు ఇండియాలోనే కదా’ అని అధికారి అనొచ్చు. ఆ మాటకు మీ దగ్గర జవాబుండదు, ఎందుకంటే అది నిజం.

మీ అబ్బాయి వైపు నుంచి చూస్తే దారి సులువే. 21 ఏళ్లు నిండిన అమెరికా పౌరుడు తల్లిదండ్రులకు పిటిషన్ వేస్తే వీసా నంబరు కోసం ఏళ్ల తరబడి క్యూలో ఉండక్కర్లేదు, ఈ కేటగిరీకి ఏటా ఇన్నే అనే పరిమితి లేదు. గ్రీన్ కార్డు మాత్రమే ఉన్న పిల్లలకు ఈ అవకాశం లేదు. మీ ఇద్దరికీ చెరొక పిటిషన్ వేయాలి. అబ్బాయి ఆదాయం అక్కడి పేదరిక రేఖకు 125 శాతమన్నా ఉండాలి. అతని కుటుంబం నలుగురు అనుకుంటే, మీ ఇద్దరితో కలిపి ఆరుగురికి 2025 లెక్కన సుమారు 54,000 డాలర్లు. మంచి ఉద్యోగం ఉన్నవాడికి ఇది ఇబ్బంది కాదు. కానీ అతను సంతకం పెట్టే ఆ హామీ పత్రం చట్టపరమైన ఒప్పందమని, మీరు పౌరులయ్యేదాకానో, కార్డు వదిలేసి వచ్చేసేదాకానో అతన్ని కట్టిపడేస్తుందని కోడలికి కూడా తెలిసి ఉండాలి. ఈ సంభాషణ ముందే జరిగితే ఇంట్లో మనసులు బాగుంటాయి.

ఇప్పుడు డబ్బు. గ్రీన్ కార్డుతో అమెరికాలో అడుగుపెట్టిన రోజు నుంచి, ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా ఆ ఆదాయం అమెరికా రిటర్నులో చూపాలి. మీ పెన్షన్, ఎఫ్‌డీ వడ్డీ, ఇక్కడ పన్ను లేని పొలం కౌలు కూడా. ప్రభుత్వ పెన్షన్‌కు రెండు దేశాల ఒప్పందంలో మినహాయింపు ఉందని మీకెవరో చెప్పే ఉంటారు. ఆ మినహాయింపు అక్కడ ఇమిగ్రెంట్ హోదా ఉన్నవాళ్లకు అందదు.

అయితే కంగారుపడకండి, లెక్క వేద్దాం. పెన్షన్ ఏడాదికి 5.4 లక్షలు. సీనియర్ సిటిజన్ స్కీమ్ 8.2 శాతం చొప్పున 2.46 లక్షలు. ఎఫ్‌డీలు 7 శాతం అనుకుంటే 2.1 లక్షలు. మొత్తం 9.96 లక్షలు, డాలరు 88 రూపాయలు అనుకుంటే 11,300 డాలర్ల పైచిలుకు. 2025లో భార్యాభర్తలకు కలిపి అక్కడి స్టాండర్డ్ డిడక్షనే, అంటే పన్ను లెక్కకు ముందే ఆదాయంలోంచి తీసేసే మొత్తమే, 31,500 డాలర్లు. మొదటి ఏడాది లెక్క కాస్త వేరుగా ఉంటుంది కానీ, ఆ తర్వాత ఈ ఆదాయం మీద మీరు అమెరికాకు కట్టేది దాదాపు ఏమీ ఉండదు.

పన్ను దెబ్బ తగిలేది ఇక్కడ, ఇండియాలో. చాలామంది ఇది చూసుకోరు. ఇప్పుడు కొత్త పన్ను విధానంలో 12 లక్షల ఆదాయం వరకూ పన్నును పూర్తిగా తీసేసే రిబేట్ ఉంది కాబట్టి మీకు పన్ను సున్నా. ఆ రిబేట్ రెసిడెంట్లకే. మీరు పన్ను లెక్కల్లో ఎన్నారై అయిన ఏడాది, పెన్షన్ మీద 75,000 తగ్గింపు పోను మిగిలిన 9.21 లక్షల మీద సెస్సుతో కలిపి 33,384 రూపాయలు కట్టాలి. అంతకంటే చిరాకు టీడీఎస్. పన్ను కోయొద్దని పెద్దవాళ్లు బ్యాంకుకిచ్చే 15హెచ్ ఫారం ఎన్నారై ఇచ్చే వీలు లేదు, ఎన్ఆర్ఓ (ఎన్నారైల ఇక్కడి రూపాయి ఖాతా) ఎఫ్‌డీ వడ్డీ మీద బ్యాంకు మొదటి రూపాయి నుంచే సెస్సుతో 31.2 శాతం కోస్తుంది. మీ 2.1 లక్షల్లో 65,520 ముందే పోతుంది. రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవాలి, లేదా ముందుగా పత్రాలిచ్చి ఒప్పందం ప్రకారం 15 శాతానికి తగ్గించుకోవాలి.

ఖాతాలు మూసేయక్కర్లేదు, మార్చాలి. స్థిరపడటానికి వెళ్తున్నారు కాబట్టి ఫెమా అనే విదేశీ మారకపు చట్టం ప్రకారం మీ సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓగా మార్చమని బ్యాంకుకు రాసివ్వాలి. పెన్షన్ అందులోనే పడుతుంది. ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ మాత్రం మర్చిపోకండి, అది అందకపోతే పెన్షన్ ఆగుతుంది. సీనియర్ సిటిజన్ స్కీమ్‌లో ఎన్నారైలు కొత్తగా చేరలేరు. గడువు తీరాక 8.2 శాతం వదులుకున్నట్టే.

అమెరికాకు కట్టే పన్ను లేకపోయినా, ఇవ్వాల్సిన లెక్కలు మాత్రం ఉన్నాయి. విదేశీ ఖాతాలన్నింటిలో కలిపి ఏడాదిలో ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ అనే నివేదిక ఇవ్వాలి. మీకు 60 లక్షలుంది, అంటే 68,000 డాలర్లు. తెలియక వదిలేసినా జరిమానా 10,000 డాలర్లు దాటొచ్చు. పోయిన శీతాకాలంలో ఒక పెద్దాయన నా దగ్గరికి వచ్చారు. కార్డు తీసుకుని రెండేళ్లయింది, ఒక్కసారీ ఎఫ్‌బార్ వేయలేదు. రెక్సిన్ సంచిలోంచి రబ్బరు బ్యాండు వేసిన పాసుబుక్కులు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పేర్చారు. ఆయన గుర్తున్నాయన్నవి నాలుగు, బల్ల మీదకొచ్చినవి తొమ్మిది. చివరిది భర్త పోయిన అక్కగారి ఖాతా. ఆవిడ బ్యాంకుకు వెళ్లలేరని తమ్ముడి పేరు జాయింటుగా పెట్టారు. ‘ఇందులో నాది పైసా లేదండీ’ అన్నారాయన. నిజమే, కానీ పేరుంది కాబట్టి అది కూడా చూపాలి. ఆలస్యంగానైనా తమంతట తాము ముందుకొచ్చేవాళ్లకు అక్కడ ఒక దారి ఉంది, ఆయన పని దాని ద్వారా నడుస్తోంది. కానీ రెండు నెలల పాటు ఆయన నిద్రపోలేదు. మీరు ఇవాళే ఒక తెల్లకాగితం తీసుకుని మీ పేరున్న ప్రతి ఖాతా రాయండి. పోస్టాఫీసువి, సొసైటీవి, అమ్మాయితో జాయింటుగా ఉన్నవి, అన్నీ.

ఆ కాగితం రాసేటప్పుడే ఇంకోటి చూడండి. ఎఫ్‌డీల్లో మీ అబ్బాయి పేరు రెండో హోల్డరుగా ఉందా? నామినీ అయితే ఇబ్బంది లేదు. జాయింట్ హోల్డరైతే, మీకు కార్డు వచ్చినా రాకపోయినా, అతను ఇప్పటికే ఏటా ఆ ఖాతాను తన ఎఫ్‌బార్‌లో చూపుతూ ఉండాలి. నా దగ్గరికొచ్చే పెద్దవాళ్లలో ఇది పిల్లలకు చెప్పినవాళ్లు చాలా తక్కువ.

మ్యూచువల్ ఫండ్ల మాటకొస్తే, మీ ఆస్తుల్లో గ్రీన్ కార్డుతో అస్సలు పొసగనివి ఇవే. మన ఫండ్లను అక్కడి చట్టం పీఫిక్ అనే విదేశీ పెట్టుబడి కంపెనీల కోవలో వేస్తుంది. ఫండుకో ఫారం నింపాలి. మామూలు పద్ధతిలో లెక్కేస్తే, అక్కడ నివాసిగా గడిచిన పాత ఏళ్ల వాటాకొచ్చే లాభం మీద అత్యధిక శ్లాబు 37 శాతం పడుతుంది, పైన వడ్డీ. స్టాండర్డ్ డిడక్షన్ ఆ వాటాకు అక్కరకు రాదు. నింపిపెట్టే సీపీఏ (అక్కడి ఆడిటరు) ఫీజు వేరే. కాబట్టి వెళ్లడం ఖాయమైతే, కార్డుతో మొదటిసారి విమానం ఎక్కేలోపే ఫండ్లు అమ్మేయాలి. ఇవి ఏడాది దాటిన ఈక్విటీ ఫండ్లనుకుంటే, ఇక్కడ 11 లక్షల లాభంలో 1.25 లక్షలు పోను 12.5 శాతం, సెస్సుతో 1,26,750. ఆ ఏడాది మొత్తం ఆదాయం 12 లక్షలు దాటుతుంది కాబట్టి రిబేట్ కూడా పోతుంది, అన్నీ కలిపి 1.6 లక్షలు. సగం మార్చిలో, సగం ఏప్రిల్లో అమ్మితే 1.25 లక్షల మినహాయింపు రెండుసార్లు వస్తుంది కానీ, రిబేట్ రెండేళ్లూ పోతుంది, అందుకని మీ విషయంలో లాభం లేదు. వెళ్లడం ఖాయం కాకుండా మాత్రం ఒక్క యూనిట్ కూడా అమ్మకండి.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది అమ్మగారి షుగర్, బీపీ. అక్కడి కంపెనీలిచ్చే హెల్త్ ఇన్సూరెన్సులో తల్లిదండ్రులకు సాధారణంగా చోటుండదు. పెద్దవాళ్లకు అక్కడి ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమా మెడికేర్ కావాలంటే 65 నిండాలి, కార్డుతో ఐదేళ్లు వరసగా అక్కడ నివాసం ఉండాలి. అప్పుడు కూడా, అక్కడ పదేళ్లు ఉద్యోగం చేయనివాళ్లు ప్రీమియం పూర్తిగా కట్టాలి. 2025లో ఆసుపత్రి భాగానికి నెలకు 518, డాక్టర్ల భాగానికి 185, మనిషికి 703 డాలర్లు. ఇద్దరికీ కలిపి నెలకు 1,23,000 రూపాయలు దాటుతుంది. మీ పెన్షన్‌కు రెండున్నర రెట్ల పైమాటే. ఆ ఐదేళ్లలోపు మార్కెట్‌ప్లేస్ అనే అక్కడి ప్రభుత్వ ఇన్సూరెన్స్ వేదికలో పాలసీ కొనుక్కోవాలి. ఇక్కడ ప్రభుత్వ పెన్షనరుగా మీకున్న ఈహెచ్‌ఎస్ ఆరోగ్య పథకం కార్డు డాలస్‌లో పనికిరాదు. ఈ ఖర్చు ఎవరు భరిస్తారో, ఎన్నేళ్లు భరించగలరో అబ్బాయితో అంకెలతో సహా మాట్లాడండి. మొహమాటపడకండి, ఇది అతనికీ అవసరమైన మాటే.

నా సలహా ఇదీ. మీ ఇద్దరూ ఏడాదిలో ఎక్కువ నెలలు గుంటూరులోనే ఉండాలనుకుంటున్నంత కాలం పిటిషన్ వేయించకండి. ఉన్న విజిటర్ వీసానే వాడుకోండి. ఎన్నాళ్లుండొచ్చన్నది పాస్‌పోర్టులోని వీసా గడువు చెప్పదు, దిగినప్పుడు ఇచ్చే ఐ-94 అనే ప్రవేశ పత్రంలోని తేదీ చెబుతుంది. ఏటా 120 రోజులకు మించకుండా ఉంటే అక్కడి పన్ను నివాసి లెక్కలోకి రారు. ఆ ఏడాది రోజులు పూర్తిగా, కిందటి ఏడాదివి మూడో వంతు, అంతకు ముందువి ఆరో వంతు కలిపి 183కు చేరితేనే ఆ లెక్క మొదలవుతుంది. ఇక్కడ రెసిడెంటుగానే ఉంటారు, రిబేట్, 15హెచ్, సీనియర్ సిటిజన్ స్కీమ్ అన్నీ నిలుస్తాయి. ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు పాత జబ్బులకు ఎంతవరకు ఇస్తారో ఆ ఒక్క పేజీ అబ్బాయి చేత చదివించండి. చాలా పాలసీలు హఠాత్తుగా ముదిరితే తప్ప ఇవ్వవు. మూడు నెలల మందులు ప్రిస్క్రిప్షన్‌తో సహా చేతి బ్యాగులో పెట్టుకోండి.

‘పిటిషన్ వేసి ఉంచితే పోయేదేముంది, తర్వాత చూసుకోవచ్చు’ అని అబ్బాయి అనొచ్చు. పోయేది ఉంది. పిటిషన్ వేశాక విజిటర్ వీసా మళ్లీ అడిగితే ఆ సంగతి ఫారంలో చెప్పాలి, స్థిరపడే ఉద్దేశం ఉందని తిరస్కరించే వీలుంటుంది. అనుకోకుండా 120 రోజులు దాటిన ఏడాది ‘నా అసలు బంధం ఇండియాతోనే’ అని చూపి పన్ను నివాసి హోదా తప్పించుకునే మినహాయింపును కూడా పిటిషన్ అడ్డుకుంటుంది.

ఇద్దరిలో ఒకరికి తోడు అవసరమై, నిజంగా అక్కడే ఉండిపోవాలనుకున్న రోజున పిటిషన్ వేయించండి. ఆ రోజుకు ఫండ్లు, ఖాతాల జాబితా సిద్ధంగా ఉండాలి. తీసుకున్నాక అక్కడ మనసు నిలవకపోతే ఐ-407 అనే ఫారంతో కార్డు తిరిగిచ్చేయొచ్చు. గత 15 ఏళ్లలో కార్డు 8 ఏళ్లలోపే ఉన్నవాళ్లకు, దాన్ని వదులుకున్నందుకు వేసే పన్ను కూడా ఉండదు.

తెనాలి పొలం గురించి మీరు అడగలేదు కానీ చెబుతున్నాను. ఎన్నారై అయినా ఉన్న పొలం మీదే, వారసత్వంగా వచ్చినా తీసుకోవచ్చు. కొత్తగా వ్యవసాయ భూమి కొనడం కుదరదు. పక్క చేను అమ్మకానికొస్తే కొనే ఆలోచన ఏదైనా ఉంటే, అది కార్డుకు ముందే తేల్చుకోవాలి. మీ తర్వాత ఆ రెండెకరాలు అబ్బాయికా, అమ్మాయికా అన్నది కూడా వీలునామాలో స్పష్టంగా రాసి రిజిస్టరు చేయించండి. అబ్బాయి ఇప్పుడు అమెరికా పౌరుడు కాబట్టి, ఆ కాగితం లేకపోతే తిరగాల్సిన ఆఫీసులన్నీ ఇక్కడున్న మీ అమ్మాయే తిరగాల్సి వస్తుంది.