గేమ్‌లలో ఆడ పాత్రల బట్టల గురించి ఇంత గొడవెందుకు? నచ్చకపోతే ఆడటం మానేయొచ్చుగా?

గేమ్‌లు నచ్చకపోతే ఎప్పుడో మానేసేదాన్ని. నచ్చాయి కాబట్టే గొడవ పడుతున్నాను.

నేను, మా తమ్ముడు కలిసి ఒక ఆన్‌లైన్ ఫాంటసీ గేమ్ ఆడేవాళ్ళం. ఒక ఇనుప కవచం కోసం మూడు రాత్రులు అదే గుహలో అదే బాస్‌ను, అంటే అక్కడుండే పెద్ద శత్రువును, కొట్టాం. చివరికి ఇద్దరికీ దొరికింది. వాడు తొడిగాడు. మెడ నుంచి మడమల దాకా ఇనుము, భుజాల మీద ముళ్ళు, నడిస్తే నేల అదిరేలా ఉన్నాడు. నేను తొడిగాను. అదే పేరు, దెబ్బలు ఆపే అదే డిఫెన్స్. కానీ నా పాత్రకు పొట్ట బయటే, తొడలు బయటే, ఛాతీ మీద రెండు రేకులు. వాడు ముందు నవ్వాడు. నా మొహం చూసి ఆపేసి, "అక్కా, నీది సరిగ్గా లోడ్ అవ్వలేదేమో, ఓసారి రీస్టార్ట్ చెయ్యి" అన్నాడు. చేశాను. మళ్ళీ అదే.

"కథ ప్రకారం అలా ఉండాలి" అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. 2015లో వచ్చిన మెటల్ గేర్ సాలిడ్ 5లో క్వైట్ అనే స్నైపర్ చర్మంతో ఊపిరి తీసుకుంటుంది, ఎండ నుంచి శక్తి తీసుకుంటుంది, అందుకే బికినీ అన్నారు. అదే సిరీస్‌లో 2004 నాటి మూడో గేమ్‌లో ది ఎండ్ అనే ముసలి స్నైపర్ కూడా ఎండ నుంచే శక్తి తీసుకుంటాడు. ఆయనకు మాత్రం ఒంటినిండా బట్టలు! కథ రాసేది మనుషులే కదా, బట్టలు ఎవరికి ఉంచాలో వాళ్ళే తేల్చుకున్నారు.

అందం వద్దని నేను అనను. అదే పేరున్న గేమ్‌లోని హీరోయిన్ బయోనెట్టా అంటే నాకు చాలా ఇష్టం. ఆ పాత్రను గీసింది మారి షిమజాకి అనే ఆవిడ. ఆ ఒయ్యారం బయోనెట్టా సొంతం, ఎవరో పక్కనుంచి కెమెరా పెట్టి దొంగతనంగా చూస్తున్నట్టు నాకెప్పుడూ అనిపించలేదు. ఇక "బట్టలు నిండుగా వేస్తే గేమ్ అమ్ముడుపోదు" అనేవాళ్ళు టూంబ్ రైడర్ గేమ్‌ల హీరోయిన్ లారా క్రాఫ్ట్‌ను చూడాలి. 2013లో ఆమెకు ప్యాంటు వేసి, మామూలు మనిషి శరీరం ఇచ్చి ఆ సిరీస్‌ను మళ్ళీ మొదలుపెట్టారు. ఆ తర్వాత ఆమెతోనే ఇంకో రెండు గేమ్‌లు వచ్చాయి.

వాయిస్ చాట్ సంగతి వేరే. ఆడగొంతు వినపడగానే ఆట పక్కనపెట్టి నా వయసు అడిగేవాళ్ళతో విసిగిపోయి ఏళ్ళ తరబడి మైక్ ఆపేసే ఆడాను.

ఆ కవచం మాత్రం మళ్ళీ తొడగలేదు. డిఫెన్స్ సగమే ఉన్నా పాత తోలు కోటు వేసుకునే తర్వాతి బాస్ దగ్గరికి వెళ్ళాను. ప్రతిసారీ తమ్ముడికంటే ముందు చచ్చింది నేనే.