ఇమ్యునాలజీ ల్యాబ్‌లో పోస్ట్‌డాక్ పని ఎలా ఉంటుంది? చేరవచ్చా?

మీది అమలాపురం దగ్గరని, హైదరాబాద్‌లో పీహెచ్‌డీ అయిపోవస్తోందని, ఇమ్యునాలజీలో, అంటే రోగనిరోధక శక్తి మీద పరిశోధనలో, పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే పరిశోధన పని) ఆఫర్ వచ్చిందని, ఇంట్లో మాత్రం "ఇంకెన్నాళ్లు ఈ చదువు" అంటున్నారని రాసి, ఏం చేయమంటారని అడిగారు. మాది రాజోలు వైపండి. బోదకాలు మీద పనిచేసే ల్యాబ్‌లో పోస్ట్‌డాక్ చేశాను కాబట్టి చెబుతున్నాను.

ముందు ఇంట్లోవాళ్ల సంగతి. ఇది చదువు కాదు, ఉద్యోగం. కాకపోతే కాంట్రాక్టు ఉద్యోగం. కేంద్ర ప్రభుత్వ ప్రాజెక్టుల్లో పోస్ట్‌డాక్‌ని రీసెర్చ్ అసోసియేట్ అంటారు, వాళ్లకి 2023 జనవరి నుంచి నెలకు 58,000 నుంచి 67,000 రూపాయలు, హెచ్‌ఆర్‌ఏ అదనం. ఈ అంకె చెబితే సగం గొడవ తగ్గుతుంది. మా ఇంట్లో ఇంకో మాట కూడా పనిచేసింది. ఊళ్లో పంచే బోదకాలు మాత్ర డీఈసీ ఉంది చూశారా, దాన్ని తెచ్చింది 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ అనే మందుల కంపెనీలో నడిపిన బృందమే. అది విన్నాక మా నాన్నగారు ఇంకేం అనలేదు. "మరి పర్మినెంటు ఎప్పుడు?" అంటే మాత్రం పోస్ట్‌డాక్‌లో దానికి జవాబు దొరకదు.

ఇక పని. పీహెచ్‌డీలో గైడు తిట్టయినా దారిలో పెడతారు. ఇక్కడ తిట్టేవాళ్లూ ఉండరు, వచ్చే నెల ఏం చేయాలో చెప్పేవాళ్లూ ఉండరు. జూనియర్లకు నేర్పాలి, ఎథిక్స్ కమిటీకి కాగితాలు రాయాలి, కణాలను గుర్తుపట్టడానికి ఆర్డర్ పెట్టిన యాంటీబాడీలు నెలలు గడిచినా రాకపోతే ఏజెంటుకి ఫోన్ల మీద ఫోన్లు చేయాలి.

మాకు రక్తం మన కోనసీమ ఊళ్ల నుంచే వచ్చేది. బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగు పిల్లలు పగలు ఊపిరితిత్తుల్లో దాక్కుని, క్యూలెక్స్ దోమ కుట్టే వేళకి, అంటే రాత్రిపూట, ఒంటి రక్తంలోకి వస్తాయి. అందుకని పది దాటాక ఆశా వర్కర్‌ని వెంటబెట్టుకుని తలుపులు కొట్టాలి. నిద్రలేచినవాళ్లు విసుక్కోకుండా వేలు ఇచ్చారంటే అది పూర్తిగా ఆవిడ మంచితనమే. తెల్లకణాల కోసం నరం నుంచి తీసిన రక్తాన్ని ఐస్‌లో పెట్టాలని అందరూ అనుకుంటారు. పెట్టకూడదండి, తర్వాత కణాలు సరిగా విడిపోవు. గది ఉష్ణోగ్రతలో ఉంచాలి అని ప్రోటోకాల్‌లో రాసి ఉంటుంది. అది రాసినవాళ్లు మే నెలలో రాజోలు వచ్చి ఉండరు.

ల్యాబ్‌కి వచ్చాక ఫైకాల్ అనే ద్రవం మీద ఆ రక్తాన్ని, ట్యూబు గోడ వెంట, రెండూ కలవకుండా నెమ్మదిగా జారవిడవాలి. సెంట్రిఫ్యూజ్ బ్రేకు తీసేసి అరగంట తిప్పితే అడుగున ఎర్రకణాలు, పైన పసుప్పచ్చ ప్లాస్మా, మధ్యలో పల్చటి తెల్లటి పొర. మనకు కావలసిందల్లా ఆ పొరే. బ్రేకు తీయడం మరిచిపోతే అది చెదిరిపోతుంది. పిపెట్‌తో దాన్ని లాగి, కడిగి, లెక్కపెడితే మిల్లీలీటరు రక్తానికి పది లక్షల కణాలు వచ్చినా సంతోషమే. ఆపైన స్టెయినింగ్, అంటే కణాలకు రంగు యాంటీబాడీలు అంటించడం, తర్వాత ఆ కణాలను ఒక్కొక్కటిగా చూసి లెక్కించే ఫ్లో సైటోమీటర్ యంత్రం. అన్నీ అయ్యేసరికి మళ్లీ చీకటి పడుతుంది. పండగా, పెళ్లీ అని కణాలు ఆగవు కాబట్టి సెలవుల విషయంలో ఇంట్లో ముందే చెప్పి ఉంచండి.

ఇంత అవస్థ ఎందుకంటే, రక్తం నిండా పురుగు పిల్లలున్న మనిషి కాళ్లు చాలాసార్లు మామూలుగానే ఉంటాయి. కాలు బాగా వాచిన మనిషి రక్తంలో అసలేమీ కనబడకపోవచ్చు. మొదటివాళ్లలో పురుగు ఒంటి రోగనిరోధక శక్తిని జోకొడుతుంది. రోగనిరోధక స్పందనను అణచే ఐఎల్-10 అనే ప్రోటీను పెరుగుతుంది, ఆ స్పందనకు కళ్లెం వేసే రెగ్యులేటరీ టీ కణాలు అనే తెల్లకణాలు అడ్డుపడతాయి. ఒక మామ్మగారు "పురుగు లేదంటున్నారు, మరి నా కాలు తగ్గదేం డాక్టరమ్మా?" అని అడిగారు. రోజూ సబ్బుతో కడిగి, వేళ్ల సందులు తడి లేకుండా తుడుచుకుని, పుండ్లు పడకుండా చూసుకోమని చెప్పాను. నా ప్రయోగాల్లో ఆవిడకి అప్పటికప్పుడు పనికొచ్చేది ఏదీ లేదు. ఇది భరించగలిగితేనే ఈ దారిలోకి రండి.

భరించగలను అనుకుంటే చేరండి, కానీ దేశాన్ని చూసి కాదు, ప్రశ్ననీ బాస్‌నీ చూసి. ఎలుకల్లో జన్యువులు తీసేసి చూసే పనైతే విదేశాల్లో సులువు. బోదకాలు, డెంగీ, మనుషుల రక్తం అయితే ఇక్కడే మేలని నా అభిప్రాయం. గ్రాంటు ఇంకా ఎన్నేళ్లుందో, వెళ్లిపోయేటప్పుడు ప్రాజెక్టులో ఏ భాగం మీతో తీసుకెళ్లనిస్తారో మొహమాటపడకుండా అడిగేయండి. ఆ ల్యాబ్ వదిలేసినవాళ్లకి ఫోన్ చేయండి, మెయిల్ కాదు. "బాగానే ఉంటుంది" అని టక్కున ఆపేశారంటే మీకు విషయం అర్థమైపోతుంది. ఫ్లో సైటోమీటర్ వాళ్ల సొంతమా, నాలుగు ల్యాబులు పంచుకునేదా అన్నది కూడా కనుక్కోండి. పంచుకునేదైతే అర్ధరాత్రి స్లాట్లన్నీ కొత్తగా చేరినవాళ్ల నెత్తినే పడతాయి.