హెడ్ గ్యాస్కెట్ పోయిన బండి మీద ఎంత వరకు పెట్టవచ్చు?

ప్రశ్న: మాది బొబ్బిలి. బోరు మోటార్లు, పైపుల షాపు నడుపుతున్నాను. ఇంటి ఖర్చులన్నీ పోను నెలకు 18 వేలు మిగులుతాయి. మూడేళ్ల కిందట 2016 మోడల్ ఇసుజు వి-క్రాస్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. మోజు కొద్దీ ఇంజిన్ రీమ్యాప్ (సాఫ్ట్‌వేర్ మార్చి పవర్ పెంచడం) కూడా చేయించాను. గత నెల సాలూరు దాటి లోడుతో కొరాపుట్ ఘాట్ ఎక్కుతుంటే ఇంజిన్ హీటెక్కి ఆగిపోయింది. హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకీ దాని పై భాగమైన హెడ్‌కీ మధ్య ఉండే పలుచటి సీలు) పోయిందని, 95 వేలు అవుతుందని మెకానిక్ అంటున్నాడు. హెడ్ పగిలి ఉంటే 1.9 లక్షలట. ఉన్నది ఉన్నట్టు ఇస్తే బ్రోకర్ 3.5 లక్షలకు అడుగుతున్నాడు. నడుస్తున్న బండి అయితే మా వైపు 6.5 లక్షలు పలుకుతోంది. దీన్ని వదిలించుకుని 10 లక్షలు పెట్టి కొత్త పికప్ తీసుకోమని మా తమ్ముడి మాట. బ్యాంకులో 1.2 లక్షల ఎఫ్‌డీ, నడుస్తున్న 2 లక్షల చీటీ ఉన్నాయి. తెలిసినవాళ్లు రెండు రూపాయల వడ్డీకి ఇస్తామంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీరు అంకెలన్నీ ఇచ్చారు గానీ గ్యాస్కెట్ పోయిందని ఎలా తేలిందో రాయలేదు. 95 వేల నిర్ణయం దాని మీదే ఆధారపడి ఉంది కాబట్టి ముందు అక్కడికే వెళదాం.

కూలెంట్ తగ్గిపోవడం, సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ, ఆయిల్ పాలు కలిపిన టీ రంగులోకి మారడం, చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన కాసేపటికే రేడియేటర్ పైపు గట్టిపడిపోవడం గ్యాస్కెట్ పోయిన లక్షణాలే. అయితే డీజిల్ బండ్లలో ఈజీఆర్ కూలర్ (ఇంజిన్‌లోకి తిరిగి పంపే పొగను కూలెంట్‌తో చల్లబరిచే భాగం) లోపల పగిలినా కూలెంట్ తగ్గుతుంది, తెల్ల పొగ వస్తుంది. దాన్ని మార్చడానికి హెడ్ దించనవసరం లేదు. రేడియేటర్‌లోకి ఇంజిన్ వాయువు వస్తోందో లేదో రంగు మారే ద్రవంతో చూసే చిన్న పరీక్ష ఒకటి ఉంది. దానితో పాటు కంప్రెషన్, కూలింగ్ ప్రెషర్ పరీక్షలూ చేయించండి. మొత్తం పని ఖరీదుతో పోలిస్తే వీటికయ్యేది చాలా తక్కువ. బేరం ఆ తరువాతే.

గ్యాస్కెట్టే అని తేలిందనుకుందాం. ‘పాత బండికి 95 వేలా?’ అని మీ తమ్ముడికి అనిపించడం సహజం. ఆయన రిపేరు ఖర్చును బండి వయసుతో పోలుస్తున్నారు. పోల్చవలసింది కొత్త బండి వాయిదాతో. పాతది 3.5 లక్షలకు ఇచ్చేసి, మిగతా 6.5 లక్షలు 10.5 శాతం వడ్డీకి అయిదేళ్లకు తీసుకుంటే నెలకు దాదాపు 13,970 కట్టాలి. అయిదేళ్లలో వడ్డీయే 1.88 లక్షలు. నెలకు 18 వేలు మిగిలే ఇంట్లో 14 వేలు వాయిదాకు పోతే, మోటార్ల అమ్మకాలు పడిపోయే వానాకాలంలో మీరు నిద్రపోలేరు. రిపేరు ఖర్చు ఈ వాయిదాలు ఏడింటితో సమానం. బాగుచేసిన బండి ఏడు నెలలు ఇబ్బంది పెట్టకుండా తిరిగితే చాలు, పెట్టిన డబ్బు వచ్చేసినట్టే. ఆ తరువాత కూడా బండి మీదే.

మీరు అమ్మేద్దామనుకున్నా సరే, చెడిపోయిన స్థితిలో అమ్మకండి. బ్రోకర్ 6.5 లక్షల బండికి 3.5 లక్షలంటున్నాడంటే 95 వేల పనికి 3 లక్షలు కోస్తున్నాడన్నమాట. హెడ్ లోపల ఏముందో తనకూ తెలియదు, ఆ భయం ఖరీదంతా మీ నుంచి రాబడుతున్నాడు. ఇంజిన్ విప్పిన బండి కాబట్టి బాగుచేశాక 6.5 రాకపోయినా, బిల్లులు చూపిస్తే 6 లక్షలు వస్తాయనుకుందాం. అంటే రిపేరు వల్ల పెరిగే విలువ 2.5 లక్షలు. అందులో 75 వేలు అనుకోనివాటికి వదిలేస్తే మీ గరిష్ఠ పరిమితి 1.75 లక్షలు. ఈ అంకెను హెడ్ దించక ముందే కాగితం మీద రాసిపెట్టుకోండి. ఇంజిన్ ముక్కలుగా నేల మీద పరిచి ఉన్నప్పుడు ‘ఇంత దూరం వచ్చాం, ఇంకో ముప్ఫై వేలే కదా’ అనిపించడం ఖాయం.

పనిని రెండు భాగాలుగా మాట్లాడుకోండి. హెడ్ దించి పరీక్ష చేయించడానికి ఒక రేటు, తిరిగి బిగించడానికి ఇంకో రేటు. ఇలాంటి చాలా ఇంజిన్లలో బ్లాకు పోత ఇనుము, హెడ్ అల్యూమినియం. వేడికి అల్యూమినియం ఎక్కువగా సాగుతుంది కాబట్టి ఘాట్‌లో అంత హీటెక్కిన హెడ్ వంగి ఉండవచ్చు, పగిలి ఉండవచ్చు. కొద్దిగా వంగితే లేత్ షాపులో ఫేసింగ్‌తో (అడుగు భాగాన్ని చదును చేయడంతో) సరిపోవచ్చు. పగులు సంగతి ప్రెషర్ టెస్టులో తేలుతుంది. లారీల మీద పెరిగిన ఊరు సాలూరు మీ పక్కనే ఉంది. హెడ్ పని తెలిసిన చేతుల కోసం దూరం పోనక్కర్లేదు. విడిభాగాలు మాత్రం విశాఖ నుంచి రావలసి ఉండవచ్చు. పరీక్షలో హెడ్ పనికిరాదని తేలి లెక్క 1.9 లక్షలకు చేరితే అది మీ పరిమితి దాటినట్టే. అప్పుడు పని ఆపి, వాడిన మంచి హెడ్ దొరుకుతుందేమో అడగండి. దొరక్కపోతే ఆ పరీక్ష రిపోర్టుతోనే ఇంకో ఇద్దరు బ్రోకర్లను పిలవండి. భయం తగ్గిన చోట ధర కొంత పెరుగుతుంది.

రేడియేటర్‌లో పోసే సీలర్ పొడుల జోలికి వెళ్లకండి. పాత బండి కదా, పోనీ అని పోసేవాళ్లున్నారు. రేడియేటర్ సన్నటి గొట్టాలు కూడా పూడుకుపోయి ఖర్చు రెట్టింపవుతుంది.

ఇక డబ్బు. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. 95 వేలకు నెలకు 1,900 చొప్పున ఎనిమిది నెలలకు 15,200, అసలు అలాగే ఉంటుంది. చీటీ పాడితే అవసరానికి మించిన డబ్బు చేతికొస్తుంది, దాని కోసం పాటలో కొంత మొత్తం వదులుకుని నష్టపోవాలి, పైగా మిగిలింది ఎక్కడ ఖర్చయిందో గుర్తుండదు. దాన్ని కదపకండి. మీ ఎఫ్‌డీ మీదే బ్యాంకును అప్పు అడగండి. మామూలుగా ఎఫ్‌డీ విలువలో 90 శాతం వరకు ఇస్తారు, వడ్డీ ఎఫ్‌డీ రేటు కంటే ఒక శాతం అటూ ఇటూగా ఎక్కువ ఉంటుంది. 7.5 శాతం అనుకుని నెలకు 12 వేల లెక్కన తీర్చుకుంటూ పోతే ఎనిమిది నెలల్లో అసలు తీరుతుంది, మొత్తం వడ్డీ సుమారు 2,700. మీ ఎఫ్‌డీకి వచ్చే వడ్డీ వస్తూనే ఉంటుంది. అత్యవసర నిధిని తాకట్టు పెట్టమంటారా అని అడగవచ్చు. సరుకు మోసే బండి ఆగిపోవడం మీ వ్యాపారానికి అత్యవసరమే. ఖర్చు 1.75 లక్షల దాకా వెళ్తే ఎఫ్‌డీ చాలదు. చాలని మొత్తానికి బ్యాంకులో బంగారం పెట్టండి, వడ్డీ వ్యాపారి దగ్గర కాదు.

బీమా మీద ఆశ పెట్టుకోకండి. మామూలు పాలసీలు మెకానికల్ లోపాలను, అరుగుదలను మినహాయిస్తాయి. మీరు చేయించిన రీమ్యాప్ సంగతి కంపెనీకి చెప్పి ఉండకపోతే, రేపు ప్రమాదం క్లెయిములో కూడా అది అడ్డం రావచ్చు.

ఆ రీమ్యాప్ గురించి నిష్ఠూరంగా ఒక మాట. ఈ 2.5 లీటర్ల ఇంజిన్ కంపెనీ నుంచి 134 హార్స్‌పవర్‌తో వచ్చింది. దాన్ని పెంచారంటే సిలిండర్‌లో ఒత్తిడీ వేడీ పెరిగినట్టే, ఆ బరువు గ్యాస్కెట్ మీద పడుతుంది. లోడుతో ఘాట్ ఎక్కే బండికి అది తగదు. బండి తిరిగి చేతికి తీసుకునే ముందు పాత సాఫ్ట్‌వేర్ వేయించండి. థర్మోస్టాట్, వాటర్ పంపు, రేడియేటర్ మూత ఈ పనిలోనే చూపించండి. ఇంజిన్ హీటెక్కడానికి కారణం పట్టుకోకుండా కొత్త గ్యాస్కెట్ వేస్తే అదీ పోతుంది. కుళాయి నీళ్లు కాకుండా కంపెనీ చెప్పిన కూలెంటే పోయించండి. గ్యాస్కెట్ మందం చాలా డీజిల్ ఇంజిన్లకు కొలిచి ఎంచుకోవాలి, హెడ్ బోల్టులు కొత్తవి వేసి టార్క్ రెంచ్‌తో (బిగింపు కొలిచే పానాతో) వరుస క్రమంలో బిగించాలి. పాత బోల్టులే చాలు, చేతి లెక్కన బిగిస్తాను అనే మెకానిక్ 20 వేలు తగ్గించినా అతనికి బండి ఇవ్వకండి.