అమ్మలూ, ఆ వెబ్‌సైట్ ఎవరి కోసమో ముందు తేల్చుకో

అమ్మలూ,

నువ్వు ఉద్యోగానికి సెలవు పెట్టి వచ్చి నర్సరీకి వెబ్‌సైట్ చేయించే పనిలో ఉన్నావని, ఎవరో కుర్రాడికి అడ్వాన్స్ కూడా ఇవ్వబోతున్నావని మీ అమ్మ నిన్న ఫోన్‌లో చెప్పింది. కడియపులంకలో పుట్టి పెరిగిన పిల్ల హైదరాబాద్ వెళ్లి, అంత చదువు చదివి, మళ్లీ మన మొక్కల వైపు చూసిందంటే నాకెంత సంతోషమో. కానీ రాత్రి నిద్ర పట్టలేదు. ఫోన్ చేస్తే "సరే అత్తా, సరే అత్తా" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నా. చివరిదాకా చదువు.

వెబ్‌సైట్ ఎందుకట అని అడిగితే మీ అమ్మ "మన నర్సరీ గురించి అందరికీ తెలియాలంట వదినా" అంది. అక్కడే నాకు టెన్షన్ మొదలైంది. సరిగ్గా ఇదే మాట 1998లో మీ నాన్న నోట విన్నాను.

వాడు నీకీ సంగతి చెప్పి ఉండడు. అప్పుడే తాతయ్య నర్సరీ వాడి చేతికిచ్చారు, లెక్కలు నేను చూసేదాన్ని. రంగుల కేటలాగ్ వేయించాలని పట్టుబట్టాడు. నున్నటి కాగితం మీద రెండొందల పైచిలుకు మొక్కలు, వాటిలో సగం మన దగ్గర లేనే లేవు. పక్క నర్సరీల్లో ఫొటోలు తీయించాడు, ఎవరైనా అడిగితే తెచ్చి ఇవ్వలేమా అని. "ఇవన్నీ ఎవరికి పంపుతావురా" అంటే "అందరికీ అక్కా, అందరికీ తెలియాలి కదా" అన్నాడు. మంచి మాటే కదా అనిపిస్తుంది. తాతయ్య కూడా కాదనలేదు.

కేటలాగులు వెళ్లాక ఫోన్ మోగని పూట లేదు, మీ నాన్న ఆనందం చూడాలి! కానీ ఎవరు ఆ ఫోన్లు చేసేది? నల్ల గులాబీ ఉందా అని ఒకరు, రెండు సన్నజాజి మొక్కలు పోస్టులో పంపుతారా అని ఇంకొకరు, పుస్తకం బాగుంది మా బావమరిదికి కూడా ఒకటి పంపమని మరొకరు. ఒక్కొక్కరితో పావుగంట మాట్లాడేవాడు. అటు లోడింగ్ ఆగిపోయేది, నీళ్లు పెట్టేవాళ్లు వాడి కోసం చూస్తూ కూర్చునేవారు. ఆ గోలలోనే నాగపూర్ దగ్గర కాలనీ వేస్తున్న ఒక బిల్డరు నుంచి లారీ లోడు ఆర్డర్ వచ్చింది. రాయల్ పామ్‌లు, ఫైకస్, నూరువరహాలు. కేటలాగ్‌లో ఎత్తు లేదు, మొక్క పెరిగే మట్టి కవరు సైజు లేదు, ఫొటోలో మాత్రం నిలువెత్తు పామ్ చెట్టు ఉంది. ఆయన ఆరడుగులవి వస్తాయనుకున్నాడు, మీ నాన్న మూడడుగులవి అడిగాడనుకున్నాడు. మన దగ్గర చాలక నాలుగు నర్సరీల నుంచి తెచ్చి కలిపాడు, ఏ రెండూ ఒక సైజులో లేవు. ఏప్రిల్ ఎండలో రెండు రోజులు లారీ మీద వెళ్లాయి. దించేసరికి ఫైకస్ ఆకు సగం రాలిపోయింది, ఆయన వద్దన్నాడు. ఆయన్ని నేనేమీ అనను, డబ్బు పెట్టేవాడు అడిగింది అడిగినట్టు రావాలనుకుంటాడు.

మీ నాన్న బస్సెక్కి వెళ్లి, ఆ ఊళ్లో రోడ్డు పక్కన మొక్కలు పేర్చుకుని వచ్చిన రేటుకి అమ్ముకుని వచ్చాడు. లారీ బాడుగ కూడా తిరిగి రాలేదు. మీ అమ్మ గాజులు తాకట్టుకి వెళ్లాయి, మళ్లీ చేతికి వచ్చేసరికి నువ్వు పుట్టావు. వాడు కష్టపడలేదని ఎవరూ అనలేరు, వాడంత కష్టజీవి మన ఇంట్లో లేడు. ఆ పుస్తకం ఎవరి కోసం, చూసినవాడు ఏం చేయాలి అని ఒక్క సాయంత్రం కూర్చుని ఆలోచించలేదు, అంతే. ఒక్క మొక్క కావలసినవాళ్లూ లారీ నిండా కావలసినవాళ్లూ వేరు. ఇద్దరికీ ఒకే పుస్తకం ఇచ్చాడు, అది ఇద్దరికీ పనికిరాలేదు. నీ వెబ్‌సైట్‌లో ఎన్ని మొక్కలైనా పెట్టొచ్చు, అచ్చు ఖర్చు లేదు. అదే నా భయం.

అందుకని ఆ కుర్రాడికి డబ్బు ఇచ్చేముందు ఒక కాగితం తీసుకో. మనకి అన్నం పెట్టేది ఎవరు? హైదరాబాద్, బెంగళూరు, భువనేశ్వర్ వైపు అపార్ట్‌మెంట్లకీ లేఅవుట్లకీ మొక్కలు వేసే కాంట్రాక్టర్లు. అలాంటివాడు ఫోన్‌లో మన సైట్ తెరిస్తే నిమిషంలో అతనికి నాలుగు సంగతులు తెలియాలి: ఏ మొక్క, ఏ కవరు సైజు, ఎన్ని అడుగుల ఎత్తు, ఇప్పుడు ఎన్ని సిద్ధంగా ఉన్నాయి. తెలిశాక వాట్సాప్‌లో మనకి మెసేజ్ పెట్టాలి. మన చరిత్ర, తాతయ్య ఫొటో, పూల వీడియోలు ఆ తర్వాత. తాతయ్య ఫొటో పెట్టొద్దనడం లేదు, పెట్టు, కింద పెట్టు.

దానికి ఒక అంకె, ఒక గడువు ఉండాలి. "అమ్మకాలు పెరగాలి" అని రాస్తే నేను ఒప్పుకోను. తొలకరి నుంచి దసరా దాకా నెలకి పది మంది లారీ లోడు రేటు అడగాలి, అందులో రెండు లారీలైనా కదలాలి, ఇలా రాయి. పది ఎందుకంటే మన మూడెకరాల్లో ఉన్న సరుకు, లోడింగ్‌కి ఉన్న మనుషులు అంతకు మించి తట్టుకోలేరు. యాభై ఆర్డర్లొస్తే మళ్లీ పక్క నర్సరీల మీద పడతారు మీరు, అది వద్దు. నాటే కాలం జూన్‌లో మొదలైనా కాంట్రాక్టర్లు రేట్లు అంతకు ముందే అడగడం మొదలుపెడతారు, కాబట్టి ఉగాదికల్లా సైట్ నడుస్తూ ఉండాలి. జూలై మొదటి వారం వనమహోత్సవం 1950 నుంచీ ఉంది, తెలంగాణలో 2015లో హరితహారం వచ్చాక ఆ నెలల్లో మొక్కల మాట ఇంకా పెరిగింది. కానీ సర్కారు ఆర్డర్లు వెబ్‌సైట్ చూసి రావు, వాటిని నీ లెక్కలో కలుపుకోకు.

ఆ కుర్రాడు నెలాఖరుకి ఇన్ని వేలమంది చూశారని గ్రాఫ్ చూపిస్తాడు. చూసి పక్కన పెట్టు. సైట్ కోసం వేరే నంబర్ తీసుకుని పక్కన నోటుబుక్ పెట్టుకో. ఎవరు, ఏ ఊరు, ఏ మొక్క, ఎంత సైజు, ఆఖరికి కొన్నారా లేదా, కొనకపోతే ఎందుకని. రెండు నెలలు రాస్తే సైట్‌లో ఏం మార్చాలో అదే చెబుతుంది. ఎత్తు, సైజు ఉన్నా మళ్లీ అందరూ అదే అడుగుతున్నారంటే అది వాళ్లకి కనబడడం లేదన్నమాట.

ఉదయం ఆరు నుంచి పది దాకా ఆ ఫోన్ ఎవరు ఎత్తుతారు? మీ నాన్న లోడింగ్‌లో ఉంటాడు, లారీ చప్పుడులో వినపడదు కూడా.

కుండీ మొక్కలు కొరియర్‌లో అమ్మాలని కూడా అనుకుంటున్నావట. 2020 లాక్‌డౌన్ తర్వాత మిద్దె తోటల మీద ఎంత మోజు పెరిగిందో నాకూ తెలుసు, ఆ ఆలోచన తప్పని అనను. మేలో మూడు రోజులు అట్టపెట్టెలో ఉన్న మొక్క ఎలా చేరుతుందో తలుచుకుంటే మాత్రం నా గుండె జారిపోతుంది. చేయాలంటే ఒక సీజన్ ఆగి, వేరే పేజీ, వేరే లక్ష్యం పెట్టుకుని, స్నేక్ ప్లాంట్, జీజీ (ZZ) ప్లాంట్ లాంటి గట్టి మొక్కలు నాలుగైదింటితో మొదలుపెట్టు. రెండూ ఒకేసారి వద్దు, నా మాట విను.

డొమైన్ పేరు, అంటే సైట్ అడ్రసు, నీ పేరు మీదే ఉండాలి, ఆ కుర్రాడి పేరు మీద కాదు. మ్యాప్‌లో పిన్ మన గేటు దగ్గరే పడాలి, అన్నీ నర్సరీలే కదా, డ్రైవర్లు తికమకపడతారు. హిందీ పేజీ ఒకటి ఉండాలి. కోనోకార్పస్ మొక్క మొదటి పేజీలో వద్దు, గుజరాత్ 2023లో దాన్ని నిషేధించింది, ఇక్కడా జనానికి దాని మీద అనుమానం పెరిగింది.

ఇంకొక్కటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. సెలవు అయిపోయాక నువ్వు వెళ్లిపోతే ఈ సైట్‌లో స్టాకు ఎవరు మారుస్తారు? అమ్ముడైపోయిన మొక్క ఇంకా ఉన్నట్టు కనబడితే అదే పాత కేటలాగ్ అవుతుంది. నువ్వు ఉండిపోవాలని నేను ఒత్తిడి చేయను, నీ జీవితం నీది. పదో తరగతి సెలవుల్లో నువ్వు కట్టిన సపోటా అంటు ఇప్పటికీ కాస్తోంది, నీ చెయ్యి మంచిదని నాకు అప్పుడే తెలుసు. కానీ ఉంటావా వెళ్తావా అన్నది కూడా ఆ కాగితం మీద నిజంగా రాయి. వెళ్లేటట్టయితే వారానికోసారి నువ్వు అక్కడి నుంచే మార్చగలిగినన్ని మొక్కలే పెట్టు, ఇరవై చాలు.

రాసి ఫొటో తీసి నాకు పంపు, అడ్వాన్స్ ఆ తర్వాత. శనివారం పొద్దున్నే రాజమండ్రి నుంచి బయల్దేరి వస్తాను, ఎండెక్కకముందే ఇద్దరం మొక్కలన్నీ సైజుల వారీగా లెక్కపెడదాం. మీ నాన్న ముందు నాగపూర్ మాట ఎత్తకు.

అత్తయ్య