మేనల్లుడికి: రేడియో సామాను సర్దుకునే ముందు

బ్రాడీపేట, గుంటూరు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలన్నీ పెద్దవి చేసుకుని చూశాను. ఆ పెద్దాయన జీవితకాలం కూడబెట్టిన రేడియో సామానును వాళ్ల పిల్లలు పాత ఇనుము కొట్టుకు వేయకుండా, కొత్తగా హ్యామ్ రేడియో లైసెన్సు తెచ్చుకున్న నీ చేతికి ఇచ్చారు. అది నీ మీద వాళ్లు పెట్టుకున్న నమ్మకం. మీ అమ్మ కూడా ఫోన్ చేసింది. హాల్లో నడవడానికి దారి లేదట. రెండు నెలల్లో ఖాళీ చేయిస్తానని ఆమెకు మాట ఇచ్చాను కాబట్టి ఇది కాస్త పెద్ద ఉత్తరమే అవుతుంది.

బజారుకు వెళ్లి ప్లాస్టిక్ సొరుగులు కొనే పని ఇప్పుడే పెట్టుకోకు. చూడముచ్చటగా అమర్చిన గది వేరు, అవసరానికి అందే గది వేరు. కరెంటు పోయి, ఫోన్లు మూగబోయి, వీధిలో నీళ్లు నిలిచిన రాత్రి టార్చిలైటు వెలుగులో కావలసిన ఫ్యూజు నీకు దొరకాలి. నువ్వు ఊళ్లో లేకపోతే మరో హ్యామ్, అంటే మనలా లైసెన్సుతో సరదాకి రేడియో నడిపే మనిషి, వచ్చి తెరిచినా దొరకాలి. ఈ సామాను ఎక్కడ పెట్టాలి, దేని మీద ఏం రాయాలి అనే ప్రతి ప్రశ్నకూ ఇదే గీటురాయి.

ముందు ఎత్తు సంగతి చూడు. మీరుండేది బెజవాడ సింగ్‌నగర్‌లో. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు నీళ్లు మీ ప్రాంతంలో కింది అంతస్తుల్లోకి వచ్చి రోజుల తరబడి నిలిచాయి. ఆ మర్నాడు ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు వెళ్లాయి. ఆ రోజులు చూసినవాడివి నువ్వు, నీకు వేరే చెప్పాలా? నేల మీద అట్టపెట్టె ఒక్కటి కూడా ఉండకూడదు. సెట్లు, మీటర్లు, పవర్ సప్లైలు ఛాతీ ఎత్తుకు పైనే ఉండాలి. బరువైన ట్రాన్స్‌ఫార్మర్లను మాత్రం పైన పెడితే ర్యాకు తూలుతుంది. అవి కింది అరలో, చెక్కపీట మీద ఉంటే చాలు.

అలాగని అటక మీదికి ఎక్కించకు. మే నెలలో బెజవాడ డాబా కింద అటక ఎంత కాలుతుందో చేయి పెట్టి చూస్తే తెలుస్తుంది. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ చుట్టూ వేడి 10 డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది. లిథియం బ్యాటరీలకు అంతకంటే హాని. నా సలహా ఏమిటంటే ఇంటి లోపలి గోడకు, అంటే వాన తడవని, స్నానాలగది తగలని గోడకు, బెత్తెడు ఎడం వదిలి యాంగిల్ ర్యాకు నిలబెట్టు. గోడకు ఆనిస్తే చెమ్మ, చెదలు రెండూ సామానులోకి వస్తాయి.

సంచులు విప్పేటప్పుడు రెండు జాగ్రత్తలు, వీటిలో తేలిక పనికిరాదు. ఆ ఫోటోలో పాతకాలపు గాజు వాల్వుల యాంప్లిఫయర్ ఒకటి కనిపించింది. అలాంటి వాటిలో స్విచ్ ఆపేశాక కూడా కెపాసిటర్లలో ప్రాణం తీసేంత వోల్టేజీ నిలిచి ఉంటుంది. నేను వచ్చేదాకా దానికి కరెంటు ఇవ్వకు. రెండోది, పాత ఆర్‌ఎఫ్ (రేడియో తరంగాల) పవర్ ట్రాన్సిస్టర్లలో కొన్నిటికి తెల్లటి పింగాణీ లాంటి భాగం ఉంటుంది. అది బెరీలియం ఆక్సైడ్ కావచ్చు. పగలనంతవరకు ఏమీ చేయదు, పొడి అయి ఊపిరితిత్తుల్లోకి వెళితే మాత్రం చాలా ప్రమాదం. వాటిని ఆకురాయితో గీకవద్దు, విరగ్గొట్టవద్దు. విరిగినవి కనిపిస్తే ముట్టుకోకుండా నాకు చెప్పు.

తర్వాత చేయాల్సిన పని, ప్రతి సెట్టునూ, ప్రతి మీటరునూ తెరిచి లోపలి సెల్స్ తీసేయడం. మరిచిపోయిన సెల్ రసం కారితే మంచి మల్టీమీటరు కూడా తుప్పు ముద్ద అవుతుంది.

అన్నిటికంటే ముందు తయారు కావలసింది ఒకే ఒక్క పెట్టె. వంటింట్లో పోపుల పెట్టె ఎలాగో రేడియో గదిలో అది అలాగ. దాన్ని అందుకుంటే చాలు, మరో డబ్బా తెరవకుండా పని మొదలు కావాలి. సెట్టు, మైకు, పవర్ తీగ, దానికి సరిపోయే ఫ్యూజులు, యాంటెన్నా సెట్టుకు కుదిరిందో లేదో చూపే ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు, మల్టీమీటరు, పీఎల్-259 కనెక్టరు నుంచి బీఎన్‌సీ కనెక్టరుకు మార్చే అడాప్టర్లు, నైలాన్ తాడు, టార్చి, పెన్సిలు, లాగ్‌బుక్కు, ప్లాస్టిక్ కవర్లో లైసెన్సు కాపీ అందులో ఉండాలి. 40 మీటర్ల బ్యాండుకు ఒక్కో వైపు దాదాపు 10 మీటర్ల తీగతో డైపోల్ యాంటెన్నా ముందే కోసి, సరిచూసి, చెక్కముక్కకు చుట్టి పెట్టు. ఈ పెట్టెలోంచి ఏ ఒక్కటీ మామూలు రోజుల్లో అప్పుగా తీయకూడదు. అడాప్టరే కదా అని తీస్తావు, అది తిరిగి పెట్టెలోకి రాదు.

2004 డిసెంబర్ 26న సునామీ వచ్చేనాటికి హ్యామ్ భారతీ ప్రసాద్ గారి బృందం అండమాన్‌లో ఉంది. దూరదేశాల హ్యామ్‌లతో మాట్లాడడానికని తీసుకెళ్లిన సెట్లవి. ఫోన్లు తెగిపోయిన ఆ దీవుల నుంచి అవే సెట్లతో బాధితుల కబుర్లు బయటికి చేర్చారు. అంతా సిద్ధంగా, పనిచేసే స్థితిలో ఉండబట్టే అది వీలైంది. సర్దడం మీద నాకింత పట్టుదల ఎందుకని నువ్వు అడిగావు కదా, అందుకు.

ఇక చిన్న విడిభాగాలు. అందరూ రెసిస్టర్లతో మొదలుపెడతారు, నువ్వు అలా చేయకు. రెసిస్టరు తన విలువను ఒంటి మీద రంగుల్లో రాసుకునే పుడుతుంది. 104 అని ఉన్న కెపాసిటర్ 0.1 మైక్రోఫారడ్ అని ఎప్పుడైనా చదువుకోవచ్చు. పేరు పోతే మళ్లీ దొరకనివి వేరే ఉన్నాయి. వాటి మీదే నీ మొదటి వారం ఖర్చు పెట్టు. టొరాయిడ్లు, అంటే కాయిల్ తీగ చుట్టే రింగులు చూడు: టీ50-2కు ఎరుపు, టీ50-6కు పసుపు రంగు ఉంటుంది కాబట్టి గుర్తుపట్టగలం. నల్లటి ఫెరైట్ రింగులు అలా కాదు. 43 రకం, 61 రకం పక్కపక్కన పెడితే కంటికి ఒకటే, పనిలో పొంతన ఉండదు. పెద్దాయన వాటిని ఏ పొట్లంలో ఉంచారో ఆ పొట్లంతోనే తీసి, మీద ఉన్న రాతను కాపాడు. ఆయన చేతిరాతతో ఉన్న చీటీ ఏదీ పారేయకు. చేత్తో చుట్టిన కాయిళ్లు, గీతలు చెరిగిపోయిన జెనర్ డయోడ్లు, అంకెలు అరిగిన క్రిస్టళ్లు కూడా ఈ జాతివే.

రెసిస్టర్లకు విలువకో సొరుగు పెట్టడం నాకు నచ్చదు. 10, 12, 15, 18 అంటూ 82 దాకా 12 విలువలు, అవి ఓముల నుంచి మెగాఓముల దాకా మళ్లీ మళ్లీ వస్తాయి. అంతమందికి గదులు కట్టలేం. ఎన్ని సున్నాలో చెప్పే మూడో రంగును బట్టి గుంపులు చేస్తే చాలు. కిలోఓములన్నీ ఒక కవర్లో ఉంటే 4.7 కిలోఓముల ముక్క ఏరుకోవడానికి నిమిషం పట్టదు. ట్రాన్సిస్టర్లకు హోమియో మాత్రల గాజు సీసాలు బాగుంటాయి, లోపలున్నది బయటికి కనిపిస్తుంది. మాస్‌ఫెట్ రకం ట్రాన్సిస్టర్లను మాత్రం కాళ్లన్నీ కలిసేలా వంటింటి అల్యూమినియం రేకులో చుట్టి పెట్టు, లేకపోతే మన చేతి స్థిర విద్యుత్తుకే అవి పోతాయి. వాటిని థర్మోకోల్‌లో గుచ్చడం అన్నిటికంటే చెడ్డ అలవాటు. పీవీసీ తీగలను కూడా థర్మోకోల్ మీద పెట్టకు. నెలల తర్వాత తీగ తొడుగులోని నూనె దాన్ని కరిగించి రెండూ అతుక్కుపోతాయి.

పేర్లు రాయడానికి సెల్లోటేపు వద్దు, మన ఎండలకు జిగురు ఎండి రాలిపోతుంది. అట్టముక్క మీద పెన్సిలుతో రాసి సీసా లోపల బయటికి కనిపించేలా పెట్టు. పెన్సిలు రాత వెలిసిపోదు. సెట్లకు, బోర్డులకు ఇంకో చీటీ కూడా కావాలి: పనిచేస్తుంది, చూడాలి, పోయింది అనే మూడింటిలో ఒకటి, పక్కన తేదీ. పోయిన దాన్ని మంచివాటి మధ్య పెట్టడమంటే ఏదో ఒక రాత్రి నిన్ను నువ్వే మోసం చేసుకోవడం.

చెమ్మ విషయంలో సిలికా జెల్ బాగా పనిచేస్తుంది, అయితే మూత బిగిసే డబ్బాలోనే. తెరిచి ఉన్న అరలో ఎంత పోసినా వృథా. నీలిరంగువి తేమ పీల్చి గులాబీ రంగుకు మారతాయి. సుమారు 120 డిగ్రీల వేడిలో ఆరబెడితే మళ్లీ పనికొస్తాయి. ఆ నీలం కోబాల్ట్ క్లోరైడ్, విషం. వంట గిన్నెలో వేడి చేయవద్దు, మీ అమ్మ చేతికి అందనీయవద్దు. దొరికితే నారింజ రంగువే తీసుకో. ఫినాయిల్ ఉండలు బట్టల బీరువాకే పరిమితం చేయి, వాటి ఆవిరి కొన్ని ప్లాస్టిక్కులను మెత్తబరుస్తుంది. రబ్బరు బ్యాండ్లూ వద్దు. ఎండకు కరిగి అంటుకుంటాయి, వాటిలోని గంధకం వెండిపూత కనెక్టర్లను నల్లబరుస్తుంది. తీగల కట్టలకు నూలుదారం హాయి.

సెట్టును యాంటెన్నాకు కలిపే కోయాక్స్ కేబులును మోచేతికి, అరచేతికి మధ్య చుట్టకు. లోపలి తీగ మెలికపడి పక్కకు జరుగుతుంది. ఆర్‌జీ-213 లాంటి లావు కేబులు అడుగు వెడల్పుకు తగ్గకుండా వదులుగా చుట్టలు పడాలి. రెండు కొసలకూ మూతలు వేసి, పొడవు రాసి కట్టు. కొస తెరిచి ఉంటే అల్లిక నీటిని పీల్చుకుంటూ లోపలికి తీసుకుపోతుంది. కోసి చూసినప్పుడు రాగి నల్లగా ఉంటే ఆ భాగం ఇక పనికిరాదు, మొహమాటపడకుండా నరికేయి.

సీసం బ్యాటరీని ఎప్పుడూ నిండుగా ఛార్జి చేసే ఉంచాలి. కాసేపు విశ్రాంతిగా ఉన్నాక 12.7 వోల్టుల దగ్గర ఉంటే బాగున్నట్టు, 12.4కు దిగితే వెంటనే ఛార్జి చేయి. లిథియం బ్యాటరీ ఇందుకు భిన్నం. వాడకుండా దాచేటట్లయితే సగం ఛార్జి దగ్గర వదిలేయాలి.

ఏళ్లుగా ఆడని పాత సెట్లను ఒక్కసారిగా ప్లగ్గులో పెట్టకు. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పాతరకం సెట్టయితే ఎలక్ట్రీషియన్లు వాడే సీరీస్ బల్బు మధ్యలో పెట్టి ఇద్దాం. బల్బు భగ్గున వెలిగి అలాగే ఉండిపోతే లోపల షార్టు ఉన్నట్టు. బాగున్న సెట్లకు మాత్రం నెలకోసారి పని చెప్పు. కెపాసిటర్లు, రిలేలు వాడకంలోనే బాగుంటాయి.

ఎంత ఉంచుకోవాలంటే, నీ దగ్గరున్న సెట్లకు పనికొచ్చేంత. నువ్వు బిట్‌ఎక్స్ సెట్టు కట్టుకుంటానన్నావు కాబట్టి బీసీ547, ఐఆర్‌ఎఫ్510 ట్రాన్సిస్టర్లు దాచుకో. హైదరాబాద్ హ్యామ్ అషర్ ఫర్హాన్ గారు ఆ సెట్టును మన బజార్లలో దొరికే విడిభాగాలతోనే తయారయ్యేలా రూపొందించారు. మొదటి రూపంలో కాయిళ్లకు కుళాయి వాషర్లు వాడారు. మిగిలిన ట్రాన్సిస్టర్లు, కెపాసిటర్లు మీ కాలేజీ తమ్ముళ్లకు పంచిపెట్టు. ట్రాన్స్‌మిటర్లు మాత్రం లైసెన్సు లేనివాళ్లకు, ఎంత దగ్గరివాళ్లయినా, ఇవ్వడానికి వీల్లేదు. సెట్ల బిల్లులు, సీరియల్ నంబర్లు ఒక ఫైల్లో పెట్టు.

డబ్బాలకు నంబర్లు వేసి, ఏ డబ్బాలో ఏముందో నోటుపుస్తకంలో రాయి. ఫోన్లో కూడా ఉంచుకో, కాని పుస్తకం తప్పనిసరి. దాని నకలు ఒకటి నాకు పంపు. అర్ధరాత్రి నువ్వు ఫోన్ చేస్తే ఇక్కడి నుంచే చెప్పగలగాలి.

వచ్చే ఆదివారం పొద్దున వస్తాను. కాయిళ్లు, కెపాసిటర్లు కొలిచే ఎల్‌సీ మీటరు, సీరీస్ బల్బు నేను తెస్తాను. ఈలోగా సెల్స్ తీసేసి, నేల మీద ఉన్నవన్నీ మంచం మీదికో బల్ల మీదికో ఎక్కించి ఉంచు. టొరాయిడ్ల పొట్లాలు ఎన్ని ఉన్నాయో చూసుకుని అన్ని జిప్ కవర్లు తెచ్చిపెట్టు. మీ అమ్మకు భోజనం సంగతి చెప్పు.

ఇట్లు
నీ మామయ్య